పీపీపీ కంప్రెషన్, పేటెంట్ల భయం: ఆ మాడ్యూల్‌ను ఉంచాలా, తీసేయాలా?

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనట్టు చెబుతాను. హైదరాబాద్‌లో మీరు తయారుచేసే మీటర్ రీడింగ్ పరికరం సెల్యులార్ మోడెమ్ ద్వారా పీపీపీ (రెండు కంప్యూటర్లను నేరుగా కలిపే లింకు ఒప్పందం) లింకు తెరిచి, అమెరికాలోని కొనుగోలుదారు సర్వర్‌కు రీడింగులు పంపుతుంది. లోపల పాత లినక్స్ కెర్నల్, దానితోపాటు పీపీపీని నడిపే అంతే పాత ప్రోగ్రామ్ పీపీపీడీ ఉన్నాయి. కొనుగోలుదారు పంపిన ప్రశ్నావళిలో పేటెంట్ ఉన్న కంప్రెషన్ (డేటాను కుదించే) పద్ధతులు వాడుతున్నారా అన్న ప్రశ్న ఉంది. కోడ్ స్కానర్ బీఎస్‌డీ-కంప్రెస్ మాడ్యూల్‌ను ఎర్ర రంగులో చూపించింది. దాని పక్కన ఎల్‌జెడ్‌డబ్ల్యూ (ఆ మాడ్యూల్ వాడే కుదింపు పద్ధతి), యూనిసిస్ (దాని పేటెంట్ యజమాని) అన్న పేర్లు చూసి మీ మేనేజర్ కంగారుపడ్డారు. ఆ మాడ్యూల్ ఉంటే దావా పడుతుందా, తీసేస్తే లింకు తెగిపోతుందా అన్నవి మీ రెండు సందేహాలు.

దావా పడదు, లింకు తెగదు. అయినా ఆ మాడ్యూల్‌ను తీసేయండి. అందుకు కారణం పేటెంట్లు కావు, దాని సంగతి చివర్లో చెబుతాను. నేను న్యాయవాదిని కాను. అయితే తొంభైల చివర్లో డయల్-అప్ యాక్సెస్ సర్వర్లకు పీపీపీ కోడ్ రాసే బృందంలో పనిచేశాను కాబట్టి ఈ తగాదాలు నాకు బాగా తెలుసు.

మొదట గడువు లెక్క చూద్దాం, ఎందుకంటే మీ మేనేజర్‌కు కావలసింది ఇదే. అమెరికాలో 1995 జూన్ 8కి ముందు దాఖలైన పేటెంట్‌కు మంజూరైన తేదీ నుంచి 17 ఏళ్లు, దాఖలైన తేదీ నుంచి 20 ఏళ్లు లెక్కగట్టి, ఏది ఎక్కువైతే అది గడువుగా తీసుకుంటారు. 1995 చివరిలోగా మంజూరైన ఏ కంప్రెషన్ పేటెంట్ అయినా ఎంత సాగదీసినా 2015 దాటి బతకదు. గడువు తీరాక కూడా పాత ఉల్లంఘనకు నష్టపరిహారం అడగవచ్చు గానీ, ఆరేళ్లకు మించి వెనక్కి వెళ్లడానికి అమెరికా చట్టం ఒప్పుకోదు. ఆ ఆరేళ్లు కూడా కలిపితే 2021తో తలుపులన్నీ మూసుకున్నట్టే. ఎల్‌జెడ్‌డబ్ల్యూ మీద యూనిసిస్ పేటెంట్ అయితే అమెరికాలో 2003 జూన్ 20నే ముగిసింది. మీ స్కానర్ హెచ్చరిక రాసినవారు తమ జాబితాను ఆ తర్వాత తిరగేసినట్టు లేదు.

ఇంతటితో ఆపేయవచ్చు. కానీ మీరు ప్రశ్న చివర్లో ఇంకొకటి అడిగారు: డిఫ్లేట్ లాంటి ఉచితంగా వాడుకోగల పద్ధతి ఉండగా అప్పట్లో అందరూ దాన్నే ఎందుకు వాడలేదు? ఈ ప్రశ్న నాకు నచ్చింది. దీనికి జవాబు అల్గారిథంలో దొరకదు, లింకుకు రెండో కొసన దొరుకుతుంది.

డయల్-అప్ కాలంలో డేటాను కుదించే పని రెండు చోట్ల జరిగేది. ఒకటి మోడెమ్ లోపల. 1990లో వచ్చిన వి.42బిస్ ప్రమాణం బ్రిటిష్ టెలికామ్ రూపొందించిన పద్ధతి మీద నడిచింది. దాని మీద బ్రిటిష్ టెలికామ్, ఐబీఎం, యూనిసిస్ మూడింటి పేటెంట్లూ ఉండేవి. మోడెమ్ తయారీదారు లైసెన్సు రుసుము కట్టి ఆ ఖర్చును పెట్టె ధరలో కలిపేసేవాడు. కొన్నవాడికి దాని ఊసే తెలిసేది కాదు. రెండోది కంప్యూటర్‌లోని డయల్-అప్ సాఫ్ట్‌వేర్‌లో, అంటే పీపీపీ పొరలో. విండోస్ 95లో కనెక్షన్ లక్షణాలు తెరిస్తే సాఫ్ట్‌వేర్ కంప్రెషన్ కోసం ఒక చెక్‌బాక్స్ కనిపించేది, గుర్తుందా? అది ఈ రెండో రకం. ఇక్కడ పెట్టె లేదు, పెట్టె ధరా లేదు. సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా పంచేవాడు రుసుము ఎక్కడి నుంచి తెచ్చి కడతాడు? గొడవంతా అక్కడే మొదలైంది.

పీపీపీలో కంప్రెషన్ ఎలా కుదురుతుందో చెబితే మిగతాది తేలికవుతుంది. లింకు లేచాక రెండు వైపులా సీసీపీ అనే సంప్రదింపు జరుగుతుంది. ఏ పద్ధతిలో కుదించి పంపితే తాను విప్పగలదో ప్రతి కొసా అవతలి కొసకు చెబుతుంది. ప్రతి పద్ధతికీ ఒక అంకె ఉంది: ప్రెడిక్టర్‌కు 1, స్టాక్ సంస్థ ఎల్‌జెడ్‌ఎస్‌కు 17, మైక్రోసాఫ్ట్ పద్ధతి ఎంపీపీసీకి 18, బీఎస్‌డీ-కంప్రెస్‌కు 21, డిఫ్లేట్‌కు 26. ఇద్దరికీ తెలిసిన అంకె ఒక్కటైనా ఉంటే ఆ పద్ధతితో సాగుతారు. లేకపోతే కుదించకుండానే పంపుకుంటారు. లింకు మాత్రం ఎప్పటిలా పనిచేస్తుంది. మాడ్యూల్ తీసేసినా మీ పరికరం ఆగదని నేను ధైర్యంగా చెప్పింది అందుకే.

ఈ నిర్మాణం వెనుక ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే సంస్థ ఐఈటీఎఫ్ పెద్దల ముందుచూపు ఉంది. పేటెంట్ల బురద ప్రమాణానికి అంటకుండా, సంప్రదింపు నియమాలను మాత్రమే ప్రమాణాల వరుసలో ఉంచారు. అదే 1996 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1962 (ఆ సంస్థ పత్రాలకు ఆర్‌ఎఫ్‌సీ అని పేరు). స్టాక్, బీఎస్‌డీ, ప్రెడిక్టర్, డిఫ్లేట్ పద్ధతులను కేవలం సమాచారం కోసం అన్న ముద్రతో విడివిడి పత్రాలుగా అదే ఏడాది ఆగస్టులో ప్రచురించారు. ఏ పద్ధతి మీద ఎవరు హక్కు చెప్పినా అది ఆ పత్రానికే పరిమితమవుతుంది, ప్రమాణం చెక్కుచెదరదు. కాగితం మీద చూస్తే చక్కని ఏర్పాటే.

అయితే మోటరోలా వచ్చి, అసలు ఆ సంప్రదింపు ప్రమాణానికే తన పేటెంట్లు వర్తిస్తాయన్నది. నమ్మకంలేని నెట్‌వర్కులో కుదించిన డేటా పంపేటప్పుడు రెండు వైపుల నిఘంటువులు (అప్పటిదాకా వచ్చిన డేటా ముక్కల పట్టికలు) ఒకేలా ఉండేట్టు చూసుకోవడం, ఒక ప్యాకెట్ పోతే మళ్లీ సరిచేసుకోవడం లాంటి వాటి మీద ఉన్న పేటెంట్లు అవి. 1992లో, 1993లో మంజూరయ్యాయి. ఏ అల్గారిథం వాడినా ఈ పని తప్పదు. ఉచిత పద్ధతి ఎంచుకున్నవాడికీ తప్పించుకునే దారి లేదు. అప్పటి ఐఈటీఎఫ్ నిబంధనావళి ఆర్‌ఎఫ్‌సీ 1602 పేటెంట్ యజమాని నుంచి ఒక నిర్దిష్ట రూపంలో హామీ కోరేది. ఆ తంతు రాసి ఉన్నట్టుగా పూర్తికాలేదు. చివరికి 1996 ఫిబ్రవరిలో, కంప్రెషన్, ఎన్‌క్రిప్షన్ సంప్రదింపు ప్రమాణాలు రెండింటికీ మినహాయింపు ఇస్తూ ఆర్‌ఎఫ్‌సీ 1915 అనే ప్రత్యేక పత్రం వెలువరించాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2026తో ఆ నిబంధనలనే మార్చేశారు. ఎల్‌జెడ్‌డబ్ల్యూ పేరు చెబితే ఉలిక్కిపడే ఇంజినీర్లలో ఈ సంగతి తెలిసినవారు నాకు చాలా అరుదుగా తగిలారు. నా దృష్టిలో మాత్రం ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ప్రమాదకరమైన పేటెంట్లు అవే.

ఇక ఎల్‌జెడ్‌డబ్ల్యూ. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు జేకబ్ జివ్, అబ్రహం లెంపెల్ 1978లో ప్రచురించిన పద్ధతిని స్పెర్రీ సంస్థలో టెర్రీ వెల్చ్ మెరుగుపరిచాడు. స్పెర్రీ 1983 జూన్ 20న దరఖాస్తు చేసింది, 1985 డిసెంబర్‌లో పేటెంట్ మంజూరైంది. తర్వాతి ఏడాది స్పెర్రీ, బరోస్ కలిసి యూనిసిస్ అయ్యాయి. ఇందులో విడ్డూరం ఒకటి ఉంది. దాదాపు ఇదే ఆలోచన మీద ఐబీఎం మూడు వారాల ముందు, 1983 జూన్ 1న, దరఖాస్తు చేసింది. పేటెంట్ కార్యాలయం దానికీ 1989లో పేటెంట్ ఇచ్చింది. ఒకే పొలానికి ఇద్దరి పేర పట్టా రాసిచ్చినట్టయింది. యూనిసిస్‌కు రుసుము కట్టినవాడు ఐబీఎం విషయంలో నిశ్చింతగా ఉండటానికి లేదు.

బీఎస్‌డీ-కంప్రెస్ అంటే యునిక్స్‌లో ఎప్పటి నుంచో ఉన్న కంప్రెస్ కమాండ్‌ను ప్యాకెట్లకు తగ్గట్టు మలిచిన రూపం. దాని పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1977లో లైసెన్సుల భాగం చదివితే నవ్వొస్తుంది. సోర్సు అంతటా ఉచితంగా దొరుకుతుందని, సొంత పూచీ మీద వాడుకోమని చెప్పి, ఎల్‌జెడ్‌డబ్ల్యూ మీద పేటెంట్లు ఉన్నాయని గమనించండి అని ఒక్క ముక్కతో ముగిస్తుంది. కాపీరైట్ పరంగా కోడ్ ఉచితం, పేటెంట్ పరంగా మీ తలరాత. ఈ రెండూ వేర్వేరు హక్కులని అప్పటి ప్రోగ్రామర్లకు గట్టిగా తెలిసివచ్చింది 1994 డిసెంబర్ చివర్లో, గిఫ్ బొమ్మల సాఫ్ట్‌వేర్లు లైసెన్సు తీసుకోవాలని యూనిసిస్, కంప్యూసర్వ్ ప్రకటించినప్పుడు. ఆ కథ మీకు తెలిసే ఉంటుంది, ఇక్కడ సాగదీయను.

నిజంగా వణుకు పుట్టించింది మాత్రం గిఫ్ కాదు, స్టాక్ కేసు. కాలిఫోర్నియాకు చెందిన స్టాక్ ఎలక్ట్రానిక్స్ డిస్కులో స్థలం పెంచే స్టాకర్ అనే సాఫ్ట్‌వేర్ అమ్మేది. మైక్రోసాఫ్ట్ ఎంఎస్-డాస్ 6లో అదే పనిచేసే డబుల్‌స్పేస్‌ను ఉచితంగా ఇచ్చింది. స్టాక్ 1993లో దావా వేసింది. 1994 ఫిబ్రవరిలో జ్యూరీ మైక్రోసాఫ్ట్‌కు 12 కోట్ల డాలర్లు వడ్డించింది. వ్యాపార రహస్యం విషయంలో స్టాక్ కూడా 1.36 కోట్ల డాలర్లు కట్టాలన్నది. డాస్ 6.21 నుంచి డబుల్‌స్పేస్‌ను తీసేశారు, 6.22లో డ్రైవ్‌స్పేస్ అనే కొత్త కోడ్‌తో మళ్లీ తెచ్చారు. అదే జూన్‌లో ఇద్దరూ రాజీపడ్డారు. మైక్రోసాఫ్ట్ 4.3 కోట్ల డాలర్ల రాయల్టీకి ఒప్పుకుని, మరో 3.99 కోట్ల డాలర్లు స్టాక్ సంస్థ వాటాల్లో పెట్టింది.

ఈ కేసులో ఇంజినీరు గమనించాల్సింది డబ్బు లెక్క కాదు. స్టాక్ పద్ధతి జివ్, లెంపెల్‌ల 1977 నాటి ఆలోచన మీద ఆధారపడింది. ఆ మూల ఆలోచన అందరిదీ. కానీ పాత డేటాలో పోలికలను వేగంగా వెతకడానికి హ్యాష్ పట్టికలు (త్వరగా వెతికే సూచికలు) వాడే తీరు మీద పేటెంట్లు ఉండేవి. అందుకే మేం 1977 నాటిది వాడుతున్నాం, 1978 నాటిది కాదు అని చెప్పి చేతులు దులుపుకోవడానికి వీలుండేది కాదు. పేటెంట్‌ను దాని శీర్షిక బట్టి, అల్గారిథం పేరు బట్టి అంచనా వేయకూడదు. క్లెయిముల్లో, అంటే హక్కు కోరిన వాక్యాల్లో, ఏం రాశారో చదవాలి. మీ స్కానర్ చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం, ఫైలు పేరు చూసి రంగు వేస్తుంది.

డిఫ్లేట్ రాసినవారికి ఇది బాగా తెలుసు. ఫిల్ కాట్జ్ ఫైళ్లను కుదించే పీకేజిప్ కోసం రూపొందించిన ఆ ఫార్మాట్‌ను, జాన్-లూ గాయీ, మార్క్ ఆడ్లర్ జీజిప్‌లో, తర్వాత జెడ్‌లిబ్‌లో పేటెంట్ల జోలికి పోకుండా అమలుచేశారు. 1996 మేలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1951లో ఫార్మాట్‌తోపాటు, ఎలా వెతికితే పేటెంట్ బాధ ఉండదో కూడా సూచించారు. హ్యాష్ గొలుసుల నుంచి పాత నమోదులను తొలగించరు, దూరం ఎక్కువైన పోలికను పట్టించుకోకుండా వదిలేస్తారు. పైకి చూస్తే చిన్న ఇంజినీరింగ్ ఎంపిక. న్యాయవాదుల రుసుములు ఎంత మిగిలాయో ఎవరు లెక్కగట్టారు?

లినక్స్ కెర్నల్ కాన్ఫిగరేషన్‌లో పీపీపీ భాగం తెరిచి చూడండి. బీఎస్‌డీ-కంప్రెస్ ఎప్పుడూ విడి మాడ్యూల్‌గానే తయారవుతుందని, దానికంటే డిఫ్లేట్ మేలని, ఎందుకంటే అది బాగా కుదిస్తుంది, పైగా పేటెంట్ బెడద లేదని అక్కడి సహాయ వాక్యమే చెబుతుంది.

మరి మీరడిగినట్టు అందరూ డిఫ్లేటే ఎందుకు వాడలేదు? కంప్రెషన్ అన్నది ఒక్కరు నిర్ణయించుకుంటే జరిగే పని కాదు కాబట్టి. ఇంట్లో లినక్స్ పెట్టుకున్నవాడి దగ్గర డిఫ్లేట్ సిద్ధంగా ఉంటుంది. అతను ఫోను చేసేది ఇంటర్నెట్ సంస్థ దగ్గరున్న సిస్కో, అసెండ్ లాంటి పెట్టెలకు. వాటికి తెలిసింది స్టాక్, మైక్రోసాఫ్ట్ పద్ధతులు, సిస్కోలో అయితే ప్రెడిక్టర్ కూడా. సిస్కో ఆజ్ఞల్లో స్టాక్, ప్రెడిక్టర్, ఎంపీపీసీ అన్న ఎంపికలు ఉండేవి గానీ డిఫ్లేట్ కనిపించేది కాదు. ఆ సంస్థలు లైసెన్సు తీసుకున్నాయి, వారి కొనుగోలుదారుల్లో ఎక్కువమంది విండోస్ వాడేవారు, ఇంకొకటి చేర్చాల్సిన అవసరం వారికి కనిపించలేదు. సీసీపీ సంప్రదింపులో ఒకవైపు 26, 21 అంటారు, అటువైపు 17, 18 అంటారు. ఏదీ కలవదు. లింకు మామూలుగా నడుస్తుంది, కుదింపు మాత్రం ఉండదు. డిఫ్లేట్ పనికొచ్చింది లినక్స్ నుంచి లినక్స్‌కు, బీఎస్‌డీకి వేసుకున్న లింకుల్లోనే. ఉచిత సాఫ్ట్‌వేర్‌వాళ్లను కోర్టుకు లాగాల్సిన పని ఎవరికీ పడలేదు. అవతలి కొసకు వాళ్ల భాష తెలియకపోవడమే చాలింది. పేటెంట్ చేసిన అసలు పని అదే అంటాను.

దీనికి మంచి ఆనవాలు అంకె 18లోనే ఉంది. మైక్రోసాఫ్ట్ తన కంప్రెషన్‌కూ, తన ఎన్‌క్రిప్షన్‌కూ ఒకే సీసీపీ ఎంపికను వాడింది. అందులో ఒక బిట్ కుదింపుకు, మరికొన్ని బిట్లు ఎన్‌క్రిప్షన్ బలానికి. 1997 మార్చిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2118 కంప్రెషన్‌ను వివరిస్తుంది, 2001 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3078 ఎన్‌క్రిప్షన్‌ను. విండోస్ వీపీఎన్‌లతో మాట్లాడాలంటే లినక్స్‌కు ఈ ఎంపిక తప్పనిసరి. 2006 జనవరిలో వచ్చిన 2.6.15 కెర్నల్‌లో ఎన్‌క్రిప్షన్ భాగాన్ని చేర్చుకున్నారు, కంప్రెషన్ బిట్‌ను మాత్రం తాకలేదు. ఆ పద్ధతి మీద స్టాక్ నుంచి విడివడిన హైఫన్ సంస్థకు హక్కులున్నాయన్న భయమే దీనికి కారణం. కుదింపును కూడా చేర్చే ప్యాచ్ బయట తిరుగుతూ ఉండేది, ప్రధాన కెర్నల్‌లోకి రాలేదు. ఫ్రీబీఎస్‌డీలో కూడా అంతే. ఎన్‌క్రిప్షన్ కోడ్ ఇచ్చి, కుదింపు కావాలంటే ఆ ఫైళ్లను హైఫన్ నుంచి తెచ్చుకోమన్నారు. ఒకే ఎంపికలో పక్కపక్కనున్న బిట్లలో కొన్ని అందరికీ, ఒకటి లైసెన్సు ఉన్నవారికే. ఇప్పటి మీ పీపీపీడీ లాగ్‌లో 18 కనిపిస్తే కంగారుపడకండి, అది ఎన్‌క్రిప్షన్ కోసం జరిగే బేరం.

భారత చట్టం సంగతి కూడా అడిగారు. మన పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కే) ప్రకారం గణిత పద్ధతి, వ్యాపార పద్ధతి, కంప్యూటర్ ప్రోగ్రామ్ దానికదిగా, అల్గారిథం పేటెంట్‌కు అర్హం కావు. 2002 సవరణతో వచ్చిన ఈ నిబంధన 2003 మే నుంచి అమల్లో ఉంది. సాంకేతిక ఫలితం చూపే ఆవిష్కరణలకు దారి పూర్తిగా మూసుకోలేదని ఢిల్లీ హైకోర్టు 2019లో ఫెరిద్ అల్లాని కేసులో చెప్పింది కాబట్టి, మన దగ్గర సాఫ్ట్‌వేర్ పేటెంట్లే లేవు అని ఎవరైనా అంటే నమ్మకండి. మీ విషయంలో అయితే ఇదంతా పక్కదారి. పేటెంట్ ఏ దేశంలో ఇస్తే ఆ దేశంలోనే చెల్లుతుంది. మీరు హైదరాబాద్‌లో తయారుచేసినా, అమ్మేది అమెరికాలో. అక్కడ దిగుమతి, అమ్మకం, వాడకం అక్కడి చట్టం కిందికే వస్తాయి. అక్కడి లెక్క పైన చెప్పేశాను.

ఇప్పుడు మాడ్యూల్ ఎందుకు తీసేయాలో చెబుతాను. మీ రీడింగులు టీఎల్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పొరలో వెళుతున్నాయని రాశారు. ఎన్‌క్రిప్ట్ అయిన డేటాలో కుదించడానికి ఏమీ మిగలదు. అడుగున పీపీపీ పొర దాన్ని మళ్లీ కుదించబోతే ప్రాసెసర్, బ్యాటరీ వృథా. కుదించాలనుకుంటే ఎన్‌క్రిప్షన్‌కు ముందు, మీ అప్లికేషన్‌లోనే చేయండి. అక్కడా ఒక జాగ్రత్త కావాలి. రహస్య సమాచారం, బయటివాడు చొప్పించగల సమాచారం ఒకే నిఘంటువులో కలిస్తే, కుదించిన పొడవును బట్టి రహస్యాన్ని ఊహించవచ్చని 2012లో క్రైమ్ దాడి చూపించింది. టీఎల్ఎస్ 1.3లో కంప్రెషన్‌ను పూర్తిగా ఎత్తేశారు. మీటర్ రీడింగులకు ఆ ప్రమాదం తక్కువే అనుకుంటాను, మీ రికార్డుల్లో ఏం కలుస్తాయో మాత్రం ఒకసారి చూసుకోండి.

చేయాల్సింది ఇంతే: పీపీపీడీ ఆప్షన్లలో సీసీపీని ఆపే నోసీసీపీ పెట్టండి, కెర్నల్ కాన్ఫిగరేషన్‌లో బీఎస్‌డీ-కంప్రెస్, డిఫ్లేట్ రెండూ ఆపేయండి. టీసీపీ/ఐపీ శీర్షికలను (ప్యాకెట్ మొదట్లో ఉండే చిరునామా వివరాలు) కుదించే వాన్ జేకబ్సన్ పద్ధతి వేరు. అది 40 బైట్లను మూడు నుంచి ఐదు బైట్లకు తెస్తుంది, 1990 నుంచి ఉంది, దాని జోలికి వెళ్లనక్కరలేదు. డిఫ్లేట్ తీయమనడానికి ఇంకో కారణం, పాత కెర్నళ్లలో పీపీపీ కోసం జెడ్‌లిబ్ కాపీ విడిగా ఉండేది. 2002లో బయటపడిన జెడ్‌లిబ్ మెమరీ లోపం ఆ కాపీకి కూడా అంటుకుంది. వాడని కోడ్ పరికరంలో ఎందుకు?

ప్రశ్నావళిలో లేవు అని ఒక్క మాట రాసి వదిలేయకండి. బీఎస్‌డీ-కంప్రెస్ కోడ్ గత విడుదలల్లో ఉంది, అది ఎల్‌జెడ్‌డబ్ల్యూ, దాని అమెరికా పేటెంట్ 4,558,302 గడువు 2003 జూన్ 20న తీరింది, ఫలానా విడుదల నుంచి ఆ కోడ్‌ను తొలగించాం అని రాయండి. అలా రాస్తే కొనుగోలుదారు న్యాయవిభాగం ఇంకో ఉత్తరం పంపాల్సిన పని ఉండదు. సంతకం ముందు మీ సంస్థ న్యాయవాదికి చూపించండి.

ఇంకొక్కటి, మీరు అడగనిది. పీపీపీడీ 2.4.2 నుంచి 2.4.8 దాకా ఈఏపీ (గుర్తింపు తనిఖీ) ప్యాకెట్లు చదివేచోట బఫర్ (తాత్కాలిక నిల్వ) దాటిపోయే లోపం ఉంది. 2020లో సీవీఈ-2020-8597 పేరుతో బయటపడింది. అవతలివాడు గుర్తింపు నిరూపించుకోకముందే పరికరంలో తన కోడ్ నడిపించే వీలుంది. మీ వెర్షన్ ఆ వరుసలో ఉంటే, ప్రశ్నావళి సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు దాన్ని మార్చండి.